చెంగమ్మ తుపాకికి పొగ పరీక్ష

ఇరవై రెండేళ్ళుగా తుపాకి పేలుస్తున్నా చెంగమ్మ ఒక్క అడవి పందిని కూడా చంపలేదు. ఆ సంగతి పందులకు తెలియదు కాబట్టి ఆమె వేరుశనగ చేను క్షేమంగా ఉండేది.

తుపాకి ఆమె మొగుడు మొగిలప్పది. ఆయన పోయాక లైసెన్సు ఆమె పేరిట మారింది. అది తూటాలు పెట్టి కాల్చే ఇప్పటి రకం కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, సీసపు గుండు జార్చి, ఇనుప కడ్డీతో నాలుగు పోట్లు పొడిచి, వెనక చిన్న రాగి కేపు తొడిగితే అప్పుడు పేలుతుంది. మందు కొలవడానికి చెంగమ్మ తన కూతురి చిన్ననాటి ఇత్తడి ఉగ్గుగిన్నె వాడేది. నిండు ఉగ్గుగిన్నె మందుకు కొండ అవతలి దాకా వినిపించే మోత, ఇంటి కప్పంత పొగ. ఆమె ఆకాశంలోకి పేల్చేది. పందులు అడవిలోకి పరిగెత్తేవి. ఇద్దరికీ అలవాటైన ఏర్పాటు.

ఆ ఏడు జిల్లాకు పచ్చదనం పూనకం పట్టింది. ఆఫీసుల వరండాల్లో పాత టైర్లలో మొక్కలు మొలిచాయి. పోలీసుల ఫైరింగ్ రేంజికి ‘హరిత కాల్పుల ప్రాంగణం’ అని పేరు మార్చి, గురి బోర్డులకు కూడా పచ్చరంగు వేశారు. వెనకనున్న మట్టి గట్టు మీద గడ్డి కూడా పచ్చగానే ఉండటంతో గురి ఎక్కడుందో కానిస్టేబుళ్ళకు కనిపించడం మానేసింది. అయినా ఫొటోలో బాగుందని అందరూ ఒప్పుకున్నారు.

ఆ ఊపులోనే ఒక ఉత్తర్వు వెలువడింది. ‘గొట్టము ద్వారా పొగను వెలువరించు, లైసెన్సు కలిగిన ప్రతి సాధనమును ఏడు దినములలోగా ఉద్గార పరీక్షకు హాజరుపరచవలెను. ఉత్తీర్ణత పొందువరకు సదరు సాధనమును వినియోగించరాదు.’ రాసినవాళ్ళ ఉద్దేశం లారీలు, ఆటోలు. కానీ అది చేరిన సెక్షన్‌లో గుమాస్తా బీరువా తెరిచి చూస్తే అందులో తుపాకి లైసెన్సుల ఫైళ్ళు తప్ప మరేమీ లేవు. తుపాకికి గొట్టం ఉంది. పొగ ఉంది. లైసెన్సూ ఉంది. ఆయన తన విధి తాను చేశాడు.

నోటీసు చెంగమ్మకు అందేనాటికి చేను పీకడానికి ఇంకా పదిహేను రోజులుంది. కాయలు గింజ పట్టి, పందులకు కొండ మీదికి వాసన వెళ్ళే సమయం.

“ఏడు రోజులు పేల్చకూడదంటే ఎట్లత్తా?” అంది కోడలు రెడ్డెమ్మ. “మన చేన్లో చెనక్కాయ మిగలతాదా?”

“ఒక్క దినం పని. పొద్దున పొయ్యి చూపించుకోనొచ్చేస్తా” అని చెంగమ్మ తుపాకిని పాత చీరలో చుట్టి, మందు డబ్బా, ఉగ్గుగిన్నె, కుంకుడుకాయలు, ఆముదం సీసా సంచిలో వేసుకుని బస్సెక్కింది.

పరీక్షకు రమ్మని నోటీసులో రాసిన హరిత కాల్పుల ప్రాంగణం గేటు దగ్గర బోర్డు ఉంది: ‘ఇచట పొగ త్రాగరాదు, పొగ వదలరాదు.’ లోపల ఆయుధాల మరమ్మతు చూసే హెడ్ కానిస్టేబుల్ జయచంద్ర ఆమెను కూర్చోబెట్టాడు. చీర విప్పి తుపాకిని చూడగానే అతని మొహం వెలిగింది.

“అబ్బ, ఎంత బాగ పెట్టుకోనుండావమ్మా! గొట్టం లోపల చుక్క తుప్పు లేదే.”

“ప్రతిసారీ కడగతా నాయనా. కడగకుంటే మందు మసి తినేస్తాది.”

అంతలో జీపు ఆగింది. జిల్లా ఉద్గార ధ్రువీకరణ సంఘం కన్వీనర్ విశ్వంభరరావు గారు దిగారు. ఆయన ప్రతి మాటనూ కింద సంతకం పెట్టినంత గట్టిగా పలుకుతారు. వెనకే ఒక మనిషి బండ్ల పొగ కొలిచే యంత్రాన్ని, శబ్దం కొలిచే మీటరునూ మోసుకొచ్చాడు. కన్వీనర్ కుర్చీలో కూర్చుని ఫారం తెరిచారు.

“వాహనము... అనగా సాధనము పేరు?”

“తుపాకి సార్.”

“తయారైన సంవత్సరం?”

“తెల్దు సార్. మా మామ పెండ్లి నాటికే ఉండిందంట.”

ఆయన ‘అతి పురాతనం’ అని రాసుకున్నారు. “ఇంధనం? పెట్రోలా, డీజిలా, గ్యాసా?”

“మందు సార్.”

కలం ఆగింది. “మద్యమా?”

“అయ్యో, ఆ మందు కాదు సార్. నల్ల మందు.”

కన్వీనర్ కుర్చీని అడుగు వెనక్కి జరుపుకున్నారు. నల్లమందు కేసులు చూసేది వేరే శాఖ. జయచంద్ర అడ్డుపడ్డాడు. “తుపాకి మందు సార్. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసేది.”

“బొగ్గా?” కన్వీనర్ ముఖం గంభీరమైంది. ఫారంలో చాలాసేపు వెతికి, ‘బొగ్గు ఆధారిత కేంద్రములు’ అన్న గడిలో టిక్కు పెట్టారు. ఆ విధంగా చెంగమ్మ తుపాకి థర్మల్ విద్యుత్ కేంద్రాల సరసన చేరింది.

తర్వాత యంత్రం గొట్టాన్ని తుపాకి గొట్టంలోకి దూర్చమన్నారు. “నిబంధన ప్రకారం ఒక అడుగు లోపలికి వెళ్ళవలెను.”

“సార్, లోపల అడ్డం ఉంటే తుపాకి పగిలి మనందరం పేపర్లో పడతాం” అన్నాడు జయచంద్ర.

చాలా చర్చ జరిగాక, తుపాకి మూతికి జానెడు ముందు కర్ర పాతి యంత్రం గొట్టాన్ని దానికి కట్టడానికి రాజీ కుదిరింది. చెంగమ్మ ఉగ్గుగిన్నె నిండా మందు కొలిచి పోసింది. కుక్కింది. కేపు తొడిగి, తుపాకి భుజానికెత్తింది. “చెవులు మూసుకోండి సార్” అంది మర్యాదగా.

“పరీక్షాధికారి ఇంద్రియములు తెరచి ఉండవలెను” అన్నారు కన్వీనర్.

మోత అయ్యాక కాసేపు ఎవరికీ ఏమీ వినిపించలేదు, కనిపించలేదు. పొగ విడిపోయేసరికి కర్ర ఉంది గానీ యంత్రం గొట్టం లేదు. అది గుండుతో పాటు వెళ్ళి, యాభై అడుగుల దూరాన పచ్చబోర్డు నడిమధ్య గుచ్చుకుని ఉంది.

“బుల్!” అని అరిచాడు జయచంద్ర, గురి నడిమధ్య తగిలితే రేంజిలో అట్లా అరిచే అలవాటు కొద్దీ.

కన్వీనర్ పెదవులు కదులుతున్నాయి. రెండు నిమిషాలకు గానీ ఆయన మాట ఆయనకే వినిపించలేదు. “గురి ఉత్తమం. ఉద్గారం అత్యధికం. మోతాదు తగ్గించి మరల హాజరుపరచవలెను. మధ్యలో సాధనమును శుభ్రపరచవలెను.”

కడగడం చెంగమ్మకు అలవాటైన పనే. క్యాంటీన్‌లో నీళ్ళు కాగబెట్టించుకుని, కుంకుడుకాయ నురుగు తీసి, గొట్టంలో పోసి, కడ్డీకి గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడించింది. కాటుకలాంటి నీళ్ళు బకెట్లోకి దిగాయి. రెండోసారి బూడిద రంగు నీళ్ళు, మూడోసారి తేటనీళ్ళు. ఆరబెట్టి ఆముదం గుడ్డ లాగింది. బకెట్టెత్తి కొబ్బరి మొక్క మొదట్లో పోయబోతుంటే కన్వీనర్ పరుగున వచ్చారు.

“ఆగుము! ఇది పారిశ్రామిక వ్యర్థ జలము!”

“మురికి నీళ్ళు సార్.”

“బొగ్గు ఆధారిత కేంద్రము నుండి వెలువడినవి. శుద్ధి కర్మాగారము నిర్మించువరకు భద్రపరచవలెను.”

బకెట్టుకు మూత పెట్టి, లక్క వేసి, ముద్ర కొట్టారు. ఇక గొట్టం శుభ్రమైందో లేదో చూడటానికి తెల్లగుడ్డ లోపలికి పంపి లాగారు. ఆముదం వల్ల గుడ్డ పసుపుగా వచ్చింది. తెల్లగుడ్డ తెల్లగానే రావాలన్నారు. ఆముదం కడిగితే రాత్రికి తుప్పు పడుతుందని ఆమె, తుప్పు గురించి ఫారంలో గడి లేదని ఆయన. మళ్ళీ కడిగింది. రెండో బకెట్టుకూ లక్క పడింది. అప్పటికి పొద్దు వాలింది. రోజుకు ఒక మోతాదే పరీక్షించాలన్నారు. చెంగమ్మ రాత్రిళ్ళు ప్రాంగణం వరండాలోనే పడుకుంది.

మర్నాడు యంత్రానికి కొత్త గొట్టం తెచ్చి, గుండు దారికి పక్కగా కట్టారు. మందు అర ఉగ్గుగిన్నె. పొగ తగ్గింది, చాలినంత తగ్గలేదు. గుండు బోర్డుకు తగలకుండా గట్టులో దిగింది. ఆ మర్నాడు పావు. గుండు రేంజిలో సగం దూరం పోయి గడ్డిలో పడింది. ప్రాంగణంలో బకెట్లన్నిటికీ లక్క పడిపోవడంతో ఆ రోజు కడిగిన నీళ్ళను క్యాంటీన్ సాంబారు గిన్నెలో పట్టి ముద్ర వేశారు. కానిస్టేబుళ్ళు మధ్యాహ్నం ఇడ్లీలు ఉత్తవే తిన్నారు.

చెంగమ్మకు కోడలి దగ్గర నుంచి ఫోనొచ్చింది.

“అత్తా, తూరుపు గట్టు కాడ నాలుగు సాళ్ళు తవ్వేసిండాయి. డబ్బా కొట్టినా కదల్లేదు. ఒకటైతే నన్ను జూసి కూడా తినేది మానలేదు.”

“ఎన్ని దిగినాయి?”

“పద్నాలుగు. పిల్లల్ని గూడా పిల్చుకోనొచ్చిండాయి.”

చెంగమ్మ ఫోను పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ అక్కడ తడి కనిపిస్తే దానికీ ముద్ర వేస్తారేమోనని చెంగుతో తుడిచేసుకుంది.

“సార్,” అంది కన్వీనర్ దగ్గరికి పోయి, “పందులు సప్పుడుకే పరిగెత్తేది. మీరు సప్పుడే వద్దంటే తుపాకెందుకు సార్?”

“అమ్మా, సంఘము తుపాకికి వ్యతిరేకము కాదు” అన్నారాయన నొచ్చుకుంటూ. “పొగకు, శబ్దమునకు మాత్రమే వ్యతిరేకము. తక్కిన సాధనమంతయు యథాతథముగా మీదే.”

నాలుగో రోజు చిటికెడు మందు. తుపాకి ‘తుస్స్’మంది. గుండు మూతి దాకా వచ్చి, ఒక క్షణం ఆలోచించుకుని, చెంగమ్మ చెప్పుల దగ్గర పడింది. కన్వీనర్ మొదటిసారి చిరునవ్వు నవ్వారు. “గుండు వేగం పర్యావరణ అనుకూలము. కానీ పొగ ఇంకను ఉన్నది.” తుమ్మినప్పుడు వచ్చేంత పొగ అది.

అయిదో రోజు మందు లేదు, కేపు లేదు. చెంగమ్మ ఖాళీ ఉగ్గుగిన్నెను గొట్టంలోకి వంచింది, వంచకపోతే ఆ మోతాదు పోసినట్టు లెక్క రాదన్నారు కనుక. గుడ్డ, గుండు కుక్కింది. మీట నొక్కింది. సుత్తి పడింది. ‘టిక్.’

అందరూ యంత్రం వైపు చూశారు. పొగ సున్నా. శబ్దం నలభై ఒకటి, అందులోనూ ఎక్కువ భాగం కొబ్బరి మొక్కకు నీళ్ళు పోస్తున్న కానిస్టేబుల్ దగ్గు.

“ఉత్తీర్ణత!” కన్వీనర్ లేచి నిలబడ్డారు. “ఆదర్శ మోతాదు కనుగొనబడినది!”

జయచంద్ర గొంతు సవరించుకున్నాడు. “సార్, రేంజిలో పేలిస్తే మా ఫారం గూడా జత చేయాల. దాంట్లో పన్నెండో గడి ఒకటి ఉండాది. ‘గుండు గురికి తగిలినదా?’ అది నింపకపోతే ఫారం చెల్లదు.”

గుండు గొట్టంలోనే ఉంది. కదిలించే మందు లేదు. కన్వీనర్ కళ్ళు మూసుకుని నుదురు రాసుకున్నారు. తర్వాత గురిని దగ్గరికి తెప్పించారు. పది అడుగులకు తెచ్చారు, గుండు రాలేదు. జానెడు దూరానికి తెచ్చారు, గుండు రాలేదు.

“నిబంధనలో గురి నిలువుగా ఉండవలెనని ఉన్నదా?” అని అడిగారు చివరికి.

జయచంద్ర పుస్తకం తిరగేశాడు. “లేదు సార్.”

పచ్చబోర్డును నేల మీద పడుకోబెట్టారు. గుడ్డపేలిక తీసేసి ఉత్త గుండునే గొట్టంలో వేయించారు. చెంగమ్మ స్టూలెక్కి, తుపాకిని సగం వంచి, వేలితో మూతి మూసి పట్టుకుంది. జయచంద్ర స్టూలు కాళ్ళు పట్టుకున్నాడు. కన్వీనర్ చేయి ఊపగానే ఆమె వేలు తీసి, తుపాకిని నిట్టనిలువుగా దించి, మీట నొక్కింది. ‘టిక్’మంది. గుండు గొట్టంలోంచి దొర్లుకుంటూ వచ్చి బోర్డు నడిమధ్య ‘టప్’మని పడింది.

“బుల్!” అన్నాడు జయచంద్ర. ఈసారి అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

చప్పట్లు మోగాయి. శబ్దం పరిమితి దాటుతుందని కన్వీనర్ వెంటనే ఆపించారు. ధ్రువపత్రం ఇచ్చారు: ‘శ్రీమతి చెంగమ్మ గారి తుపాకి పొగరహిత, శబ్దరహిత ఆదర్శ సాధనము. సున్నా మోతాదుతో మాత్రమే వినియోగించవలెను. ఉల్లంఘించిన యెడల లైసెన్సు రద్దగును.’ చేతిలో పూలకుండీ పెట్టి ఫొటో తీశారు.

“ఇప్పుడు పేల్చుకోవచ్చునా సార్?” అని అడిగింది చెంగమ్మ.

“నిరభ్యంతరముగా.”

శనివారం సాయంత్రం కన్వీనర్ జీపు చెంగమ్మ ఊరు నక్కలగుట్టపల్లెకు వచ్చింది. ఆదర్శ సాధనం పొలంలో పనిచేస్తుండగా చూసి నివేదిక పంపితే జిల్లాకు హరిత పురస్కారం ఖాయమని పైవాళ్ళు చెప్పారట. ఒక చేతిలో శబ్దం మీటరు, వెనక ఫోనుతో వీడియో తీయడానికి జయచంద్ర. చేను మూడో వంతు దున్నేసినట్టుంది. తవ్విన మట్టి చూసి జయచంద్ర నాలుక కరుచుకున్నాడు. కన్వీనర్ గట్టు మీద జేబురుమాలు పరుచుకుని కూర్చున్నారు.

ఇంకా వెలుతురుండగానే పందులు దిగాయి. వేళకు ఆఫీసుకొచ్చే ఉద్యోగుల్లా వరసగా వచ్చాయి, ముందు పెద్ద మగపంది, వెనక తల్లులు, పిల్లలు.

“ప్రయోగించండి” అన్నారు కన్వీనర్ లోగొంతుకతో.

చెంగమ్మ తుపాకి ఎత్తింది. ‘టిక్.’

ఒక పంది పిల్ల తలెత్తి చూసి, మళ్ళీ మూతి మట్టిలో పెట్టింది.

“మరొక మారు.”

‘టిక్.’ ‘టిక్.’ రెడ్డెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పందులు నములుతున్న చప్పుడు గట్టు దాకా వినిపిస్తోంది.

“దూరం ఎక్కువైనట్టున్నది” అని కన్వీనర్ మీటరు పట్టుకుని చేన్లోకి దిగారు.

“సార్, పోవద్దు! పిల్లల్తో ఉండాయి!” అని చెంగమ్మ అరిచింది. ఆలస్యమైంది. పెద్ద పంది తల తిప్పింది. ఒకసారి గురకపెట్టి, తల వంచి, సూటిగా కన్వీనర్ మీదికి వచ్చింది.

అప్పుడు విశ్వంభరరావు గారి నోట్లోంచి వచ్చిన కేక ‘అమ్మో’తో మొదలైంది. ఆ తర్వాతి భాగంలో అక్షరాలు లేవు. కొంగలు లేచిపోయాయి. పెద్ద పంది నిలువునా బిగుసుకుని, గిరుక్కున తిరిగి, పిల్లలను తొక్కుకుంటూ కొండెక్కింది. మిగతా పదమూడూ దాని వెనకే. నిమిషంలో చేను ఖాళీ.

చెంగమ్మ పరిగెత్తి ఆయనను పట్టుకుంది. గట్టు మీద కూర్చోబెట్టి, రెడ్డెమ్మ చెంబుతో ఇచ్చిన నీళ్ళు తాగించింది. ఇన్ని రోజులు ఆయన మీదున్న కోపం ఆ వాలకం చూసేసరికి ఎక్కడికో పోయింది. “ఏం కాలేదు సార్. అది పోయింది. మీరు బాగుండారు” అంటూ వీపు నిమిరింది.

జయచంద్ర నేల మీద పడిన మీటరు తీసి చూశాడు. “నూటపన్నెండు సార్.”

కన్వీనర్‌కు మెల్లగా ఊపిరి కుదిరింది. దానితో పాటు ఆయన భాష కూడా తిరిగి వచ్చింది. “వ్రాసుకొనండి. సున్నా మోతాదుతో... పద్నాలుగు పందులు... పారద్రోలబడినవి.”

“శబ్దం గడిలో ఏం రాయమంటారు సార్?”

“సాధనం శబ్దమెంత?”

“ముప్పై ఎనిమిది.”

“అదే వ్రాయండి.”

“మరి ఈ నూటపన్నెండు?”

కన్వీనర్ చొక్కా సర్దుకున్నారు. “అది అధికార ప్రసంగము. దానికి పరిమితి లేదు.”

ఆ రాత్రే పంపిన నివేదిక చదివి పైవాళ్ళు మురిసిపోయారు. మందే లేని తుపాకి పద్నాలుగు పందులను తరిమిందంటే మాటలా? అయితే ఒక్క రోజు ఫలితంతో పురస్కారం ఇవ్వలేమని, వరుసగా పదిరోజులు కన్వీనర్ స్వయంగా పరిశీలించి ధ్రువీకరించాలని రాశారు. విశ్వంభరరావు గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. పని చేయలేదని రాస్తే మొదటి నివేదిక అబద్ధమవుతుంది. పని చేసిందని రాయాలంటే పని చేయాలి.

ఆదివారం సాయంత్రం జీపు వచ్చింది. చెంగమ్మ ‘టిక్’మనిపించింది. కన్వీనర్ కళ్ళు మూసుకుని అరిచారు. సోమవారమూ అంతే. మంగళవారం నుంచి ఆయన టిక్ కోసం ఆగడం మానేశారు. చేనుకు నాలుగు మూలలా తిరిగి, మూలకొక కేక వేసేవారు. నాలుగో రోజుకు గొంతు బాగా తెరుచుకుంది. ‘అమ్మో’ పోయి, ‘హోయ్’ వచ్చింది. మెడ పట్టేసిన సంఘం సభ్యులొకరు కూడా గాలి మార్పు కోసమని వచ్చి రెండు కేకలు వేసి, మనసు తేలికైందని చెప్పి వెళ్ళారు. గొంతు రాసుకుపోతుందని చెంగమ్మ కన్వీనర్‌కు రోజూ మిరియాల కషాయం కాచి ఇచ్చేది. కషాయం తాగుతూ గట్టు మీద కూర్చున్నప్పుడు ఆయన మామూలు మనుషుల్లా మాట్లాడేవారు. తనకు చిన్నప్పుడు పాటలు పాడాలని ఉండేదనీ, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడనిచ్చేవారు కాదనీ ఒకనాడు చెప్పారు.

“ఇప్పుడు పాడండి సార్. ఈడ ఎవురూ ఏమనరు” అంది చెంగమ్మ.

ఆయన పాడారు. పందులు ఆ రోజు కొండ దిగనే లేదు.

పదో రోజు సాయంత్రానికి చేను పీకేశారు. మూడో వంతు పోయినా, మిగిలిన కాయ గట్టిగా, నిండుగా వచ్చింది. కుప్ప పక్కన కన్వీనర్ చివరి ఫారం మీద సంతకం పెడుతున్నారు. గొంతు పూర్తిగా పోయి గుసగుసగా మాత్రమే మాట వస్తోంది. చెంగమ్మ ఆయన చేతిలో పచ్చి చెనక్కాయల మూట పెట్టి, ఏదో చెప్పాలని అట్లాగే నిలబడింది.

“ఏమమ్మా?” అని గుసగుసలాడారాయన.

“ఏం లేదు సార్, పక్క చేని గుర్రప్ప మీకొక అర్జీ ఇమ్మన్నాడు. వాడు పీకేది ఇంకా మూడు వారాలుండాది.” రవికెలోంచి మడత కాగితం తీసింది. “వాడికీ తుపాకి లైసెన్సు కావాలని పోయినేడు పెట్టుకోనుండె. ఇప్పుడు తుపాకి వద్దంట సార్. మీరుంటే చాలంట.”